ఎనభైల తెలుగు సినిమా ఆర్‌ఆర్: కోడంబాక్కం హాళ్ళలో తయారైన సౌండ్

ఎనభైల తెలుగు సినిమా సంగీతం అనగానే మాట నేరుగా పాటల మీదకి వెళ్ళిపోతుంది. వేటూరి, బాలు, జానకి, ఇళయరాజా, చక్రవర్తి, ఇంక లిస్టు మొదలు. పాటలు గొప్పవే, అందులో డౌట్ లేదు, కానీ ఆ పదేళ్ళలో ఎక్కువ మారింది పాటకీ పాటకీ మధ్య వినిపించేది, అదే బ్యాక్‌గ్రౌండ్ స్కోర్, అంటే రీ-రికార్డింగ్, ఇండస్ట్రీ వాళ్ళ నోట్లో ఆర్‌ఆర్. 1980లో శంకరాభరణం వచ్చినప్పటి నేపథ్య సంగీతం ఒకసారి విని, ఆ తర్వాత 1989లో వచ్చిన శివ విని చూడండి, మధ్యలో గడిచింది తొమ్మిదేళ్ళే అంటే నమ్మబుద్ధి కాదు.

ఇదంతా జరిగింది చెన్నైలో, అప్పటి మద్రాసులో. ఇక్కడి తెలుగువాళ్ళకి ఇది తెలిసిన సంగతే అయినా బయటివాళ్ళు చాలామంది మర్చిపోతారు. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలయ్యాక షూటింగులు ఒక్కొక్కటే హైదరాబాద్ వైపు వెళ్ళిపోతూ ఉన్నా మ్యూజిక్ మాత్రం ఇక్కడ్నించి కదల్లేదు, తొంభైలు వచ్చినా చాలా సినిమాలకి పాటల రికార్డింగూ ఆర్‌ఆరూ కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం చుట్టుపక్కలే జరిగేవి. ఏలూరు వైపు నుంచి వచ్చిన ఎల్.వి. ప్రసాద్ గారి ప్రసాద్ స్టూడియోస్ సాలిగ్రామంలో, నాగిరెడ్డి గారి విజయా వాహినీ వడపళనిలో (ఇప్పుడు విజయా మాల్, విజయా హాస్పిటల్ ఉన్నది ఆ చుట్టుపక్కలే), ఆ దగ్గర్లోనే ఏవీఎం. నిర్మాతల ఆఫీసులు టీ నగర్‌లో. కెమెరాని రైలెక్కించొచ్చు, హీరోని విమానం ఎక్కించొచ్చు, కానీ ముప్పై నలభై మంది వయోలిన్, సెల్లో, ఫ్లూట్ వాయించేవాళ్ళని, నొటేషన్ చూసి అక్కడికక్కడే వాయించగలిగేవాళ్ళని ఇంకో ఊర్లో కొత్తగా పుట్టించలేం కదా. ఆ వాద్యకారులు ఈ ఊళ్ళోనే ఉన్నారు, పొద్దున ఒక తమిళ సినిమాకి, మధ్యాహ్నం తెలుగుకి, సాయంత్రం కన్నడానికో మలయాళానికో వాయించేవాళ్ళు. అందుకే నాలుగు భాషల సినిమాల్లోనూ ఆ కాలంలో ఒక ఉమ్మడి సౌండ్ వినపడుతుంది, చెవి పెట్టి వింటే అదే వయోలిన్ల గుంపు, అదే గదిలోని గాలి.

ఆర్‌ఆర్ ఎలా చేసేవాళ్ళో తెలిస్తే ఆ స్కోర్లు ఇంకా బాగా అర్థమవుతాయి. హాల్లో ఎదురుగా తెర, వెనక ప్రొజెక్టర్, మధ్యలో వాద్యబృందం, ముందు కండక్టర్. సినిమాని రీలు రీలుగా వేస్తారు. 35 ఎంఎం ఫిల్మ్ సెకనుకి 24 ఫ్రేములు, అడుగుకి 16 ఫ్రేములు, అంటే నిమిషానికి 90 అడుగులు, వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు. రెండున్నర గంటల సినిమా అంటే సుమారు 14 రీళ్ళు. మ్యూజిక్ డైరెక్టర్ రీలు చూస్తాడు, ఎక్కడ మొదలవ్వాలి ఎక్కడ ఆగాలి స్టాప్‌వాచ్‌తో లెక్క వేసుకుంటాడు, రాస్తాడు, పార్టులు కాపీ చేసి వాద్యకారులకి పంచుతారు, ఒకట్రెండు రిహార్సల్స్, తర్వాత బొమ్మ నడుస్తుండగానే టేక్. నిమిషానికి 120 బీట్ల టెంపో పెట్టుకుంటే ఒక్కో బీట్ సరిగ్గా 12 ఫ్రేములు, కాబట్టి తలుపు తెరుచుకునే ఫ్రేము మీద బీట్ పడాలంటే లెక్క ముందే కుదరాలి. కుదరకపోతే? మళ్ళీ రీలు వెనక్కి తిప్పాలి, మళ్ళీ అందరూ కలిసి మొదటినుంచి వాయించాలి. ఒకరు తప్పు వాయిస్తే అందరి టేకూ పోయినట్టే.

ఇళయరాజా పద్ధతి ఇక్కడే వేరు. ఆయన రీలు ఒకసారి చూసి, హార్మోనియం కూడా ముట్టుకోకుండా, నేరుగా స్టాఫ్ నొటేషన్‌లో (ఐదు గీతల మీద రాసే వెస్ట్రన్ స్వరలిపి) మొత్తం ఆర్కెస్ట్రాకి రాసేస్తాడన్నది ఆయనతో పనిచేసినవాళ్ళంతా చెప్పే మాట. ధనరాజ్ మాస్టర్ దగ్గర వెస్ట్రన్ నేర్చుకున్న చదువు, సంగీత దర్శకుడు జి.కె. వెంకటేశ్ దగ్గర అసిస్టెంటుగా గడిపిన ఏళ్ళు, రెండూ అక్కడ పనికొచ్చాయి. రాసేది ఆయనే, అన్ని వాద్యాలకీ ఆయనే, కాబట్టి సెల్లో ఏం చేస్తోందో ఫ్లూట్‌కి తెలిసినట్టు ఉంటుంది ఆ స్కోర్.

ఇంకో విషయం, అప్పట్లో చాలా థియేటర్లలో ఉన్నది మోనో, అంటే శబ్దమంతా ఒకే ఛానెల్. డైలాగు, ఎఫెక్టులు, సంగీతం మూడూ చివరికి ఫిల్మ్ అంచున ఉండే ఒకే సన్నటి ఆప్టికల్ ట్రాక్‌లో ఇరుక్కోవాలి, అదీ హాల్లో తెర వెనక స్పీకర్ల నుంచే రావాలి. మనిషి మాట స్పష్టంగా అర్థమవ్వడానికి కావాల్సిన స్వరాలు మధ్య స్థాయిలో ఉంటాయి, సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా, టెలిఫోన్ నడిచేది కూడా ఆ మేరకే. సంగీతం కూడా అక్కడే గుంపుగా కూర్చుంటే డైలాగ్ మునిగిపోతుంది. కాబట్టి మంచి ఆర్‌ఆర్ చేసేవాళ్ళు ఏం చేసేవాళ్ళంటే, మాట నడిచేటప్పుడు కింద బేస్ గిటార్ లేదా సెల్లో, పైన ఒక్క ఫ్లూటో సోలో వయోలినో, మధ్య జాగా ఖాళీ. మాట ఆగగానే స్ట్రింగ్స్ వచ్చి ఆ జాగా నింపుతాయి. ఇళయరాజా సినిమాల్లో ఒకే ఒక్క ఫ్లూట్ అంతగా గుండెని పట్టుకోవడానికి భావుకత ఒక కారణం అయితే ఈ ట్రాక్ సైజు ఇంకో కారణం. తక్కువ చోటు ఉన్నప్పుడు ఏది అవసరమో అదే ఉంచాలి. ఈ క్రమశిక్షణే ఎనభైల స్కోర్లకి పెద్ద ఆస్తి అని గట్టిగా చెప్పొచ్చు.

అయితే దశాబ్దం మొదట్లో పరిస్థితి అన్ని చోట్లా ఇలా లేదు. ఏడాదికి పదుల సినిమాలు చేసే మ్యూజిక్ డైరెక్టర్లకి పాటలు చేయడానికే టైము చాలేది కాదు, ఆర్‌ఆర్ రెండు మూడు రోజుల్లో ముగించాలి, రిలీజ్ డేట్ నెత్తి మీద. దాంతో చాలా సినిమాల్లో ఫైట్ అంటే బాంగో, ట్రంపెట్. ఏడుపు అంటే సోలో వయోలిన్. కామెడీ అంటే ఏదో ఒక గమ్మత్తు శబ్దం. ఇది తక్కువ చేసి చెప్పడం కాదు. చక్రవర్తి లాంటి ఆయన ఆ వేగంలో చేసిన పని చూస్తే దండం పెట్టాలి, 1983లో ఖైదీ వచ్చినప్పుడు హాల్లో జనాన్ని కుర్చీలో కూర్చోనివ్వని ఊపులో ఆయన వాటా చాలా ఉంది. కానీ ఆ స్కోర్లు ఒక సినిమా నుంచి ఇంకో సినిమాకి మార్చి పెట్టినా పెద్ద తేడా తెలియదు, అదీ అసలు సంగతి.

శంకరాభరణానికి కె.వి. మహదేవన్‌కీ, 1982 మేఘసందేశానికి రమేశ్ నాయుడుకీ జాతీయ అవార్డులు వచ్చాయి. రెండూ పాటల సినిమాలు, వాటిలో నేపథ్య సంగీతం పాటకి తోడుగా నడుస్తుంది, రాగం వాతావరణాన్ని చెదరగొట్టకుండా కాపలా కాస్తుంది. రమేశ్ నాయుడు జంధ్యాల సినిమాలకి చేసిన తేలికపాటి పని కూడా వినదగ్గదే, 1984 శ్రీవారికి ప్రేమలేఖలో హాస్యం మీద సంగీతం బరువు పెట్టదు, నవ్వమని మోచేత్తో పొడవదు.

అసలు మలుపు సస్పెన్స్ కథలతో వచ్చిందనిపిస్తుంది. యండమూరి నవలలు సినిమాలవ్వడం మొదలయ్యాక, 1983లో అభిలాష లాంటి కథ తెర మీదకి వచ్చాక, ఉరిశిక్ష చుట్టూ తిరిగే ఆ టెన్షన్‌ని పాత ఫైట్ మ్యూజిక్ మొయ్యలేదు. అక్కడ ప్రేక్షకుడిని భయపెట్టకుండా కంగారు పెట్టాలి, ఏదో జరగబోతోంది అన్న ఫీలింగ్ పది నిమిషాలు నిలబెట్టాలి. ఇళయరాజా తెలుగులో ఆర్‌ఆర్‌కి కొత్త ఉద్యోగం ఇచ్చింది ఈ రకం సినిమాల్లోనే.

ఇక 1985లో వంశీ తీసిన, ఇళయరాజా సంగీతం చేసిన అన్వేషణ. ఎనభైల నుంచి ఒక్కటే స్కోర్ ఎంచుకోమంటే చాలామంది చెయ్యి దీని మీదే పడుతుంది, పడాలి కూడా. కథ చూడండి: పక్షుల కూతల మీద రీసెర్చ్ కోసం ఒక అమ్మాయి అడవి పక్క ఊరికి వస్తుంది, అక్కడ వరసగా మనుషులు చచ్చిపోతుంటారు, పులి చంపుతోందని ఊరంతా నమ్ముతుంది. అంటే కథలోనే శబ్దం ఉంది, వినడం ఉంది. తలకోన అడవిలో తీశారు, భానుప్రియ, కార్తీక్, శరత్‌బాబు. చాలాసేపు మాటలే ఉండవు, చెట్లు, నడక, ఎవరో చూస్తున్నట్టు ఒక కెమెరా. మామూలుగా అయితే అక్కడ సంగీతం ఊరుకోదు, భయం భయం అని అరుస్తుంది. ఇక్కడ అలా కాదు, అడవి శబ్దాలకీ వాద్యాలకీ మధ్య గీత ఎక్కడుందో తెలియనంత దగ్గరగా రెండూ నడుస్తాయి, ఏది పిట్ట ఏది వాద్యం అని ఒక్క క్షణం ఆలోచించాల్సి వస్తుంది, ఆ ఒక్క క్షణంలోనే భయం లోపలికి దిగుతుంది. అందమైన అడవీ ప్రమాదకరమైన అడవీ ఒకటే అని చెప్పడానికి డైలాగ్ అక్కర్లేదు, ఆ స్కోర్ చాలు. ఈ సినిమా పాటలు ఎంత పాపులరో చెప్పక్కర్లేదు, అయినా సినిమా మళ్ళీ చూసినవాళ్ళు పాటలకన్నా ముందు బీజీఎం గురించి మాట్లాడతారు. తెలుగులో ఆ గౌరవం దక్కిన మొదటి సినిమాల్లో ఇదొకటి.

దీనికి రెండేళ్ళ ముందు సాగరసంగమం. విశ్వనాథ్ గారి సినిమా, ఇళయరాజాకి జాతీయ అవార్డు తెచ్చిన సినిమా, బాలుగారికి కూడా. ఇందులో ఒక సీన్ గురించి ఎంత చెప్పినా తక్కువే: మాధవి (జయప్రద పాత్ర) తెచ్చిన నాట్యోత్సవం ఆహ్వాన పుస్తకంలో పేజీలు తిప్పుతుంటే ఒక్కొక్క మహామహుల ఫొటో, చివర్లో హీరో బాలు (కమల్ హాసన్ పాత్ర) తన ఫొటోనే చూసుకుంటాడు. కమల్ ముఖం, జయప్రద ముఖం, మాటలు దాదాపు లేవు. ఆ ఆనందం ఏడుపులోకి తిరిగే చోట సంగీతం తొందరపడదు, నటుడికంటే ముందే మనల్ని ఏడిపించే ప్రయత్నం చెయ్యదు, అతని వెనకాలే వస్తుంది. ఈ వెనకాల రావడం అన్నది చెప్పడానికి తేలిక, చెయ్యడానికి చాలా కష్టం, ఎందుకంటే చేతిలో నలభై మంది వాద్యకారులు రెడీగా ఉన్నప్పుడు ఆగడానికి ధైర్యం కావాలి.

మాటల్లేని సీన్ సంగతి వచ్చింది కాబట్టి, అసలు మాటలే లేని సినిమా, 1987 పుష్పక విమానం. సింగీతం గారు బెంగళూరులో తీశారు, హోటల్ సీన్లు విండ్సర్ మానర్‌లో. సంగీతం ఎల్. వైద్యనాథన్, మాల్గుడి డేస్ టైటిల్ ట్యూన్ చేసిన ఆయనే. రెండు గంటల సినిమాలో ఒక్క డైలాగ్ లేదంటే ఎవరైనా ఏమనుకుంటారు, సంగీతం ఆ ఖాళీ అంతా నింపేసి ఉంటుందని. వైద్యనాథన్ చేసింది దానికి పూర్తిగా వేరు. రోడ్డు చప్పుడు, తలుపులు, అడుగులు, వీటికి చోటు వదిలేశాడు. ఈ సినిమాలో శబ్దం మీదే ఒక అద్భుతమైన సంఘటన ఉంది: సినిమా హాలు పక్కన గోలలో పడుకోవడం అలవాటైన హీరోకి స్టార్ హోటల్ నిశ్శబ్దంలో నిద్ర పట్టదు, వెళ్ళి ఆ గోలని టేపులో రికార్డ్ చేసుకొచ్చి, అది వింటూ పడుకుంటాడు. ఆ సీన్ పండాలంటే హోటల్ నిజంగా నిశ్శబ్దంగా ఉండాలి, అక్కడ ఒక్క వయోలిన్ తీగ మోగినా జోకు చచ్చిపోతుంది. డబ్బు మనిషికి కొనిచ్చేది నిశ్శబ్దం, లేనివాడికి చప్పుడే జోలపాట, ఇంత పెద్ద విషయం ఒక్క మాట లేకుండా చెప్పారు. సంగీత దర్శకుడి గొప్పతనం తను వాయించని చోట కూడా ఉంటుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలుగులో దొరకదు.

మధ్యలో వాద్యాలు కూడా మారిపోయాయి. యమహా డీఎక్స్7 కీబోర్డు 1983లో మార్కెట్‌లోకి వచ్చింది, తర్వాత కోడంబాక్కం హాళ్ళలోకీ వచ్చేసింది, ఆ గాజులాంటి ఎలక్ట్రిక్ పియానో, గంటల శబ్దం, ఎనభైల రెండో సగం సినిమాలన్నిట్లో వినపడుతుంది. 1986లో తమిళ సినిమా పున్నగై మన్నన్‌కి (మనకి డాన్స్ మాస్టర్‌గా వచ్చింది) ఇళయరాజా కంప్యూటర్, సీక్వెన్సర్ (ముందే ఎక్కించిన స్వరాల్ని వరసగా వాయించే యంత్రం) వాడాడు. రాజ్-కోటి లాంటివాళ్ళు కొత్త రిథమ్ మెషీన్లతో కమర్షియల్ సినిమాకి వేరే ఊపు తెచ్చారు, వాళ్ళ దగ్గర కీబోర్డ్ వాయించిన దిలీప్ అనే కుర్రాడే తర్వాత ఏ.ఆర్. రెహమాన్. ఎలక్ట్రానిక్ వాద్యాలతో లాభం స్పష్టం, ఖర్చు తక్కువ, పని తొందరగా తెమిలేది. నష్టం కూడా ఉంది, ముప్పై మంది ఒకేసారి విల్లు లాగినప్పుడు వచ్చే ఆ చిన్న చిన్న తేడాల వెచ్చదనం కీబోర్డులో పుట్టే సింథ్ స్ట్రింగ్స్‌లో రాదు. ఆ రెండూ పక్కపక్కన ఉన్న కాలం అది, అందుకే ఆ చివరి నాలుగైదేళ్ళ స్కోర్లకి ఆ రుచి.

1989 దగ్గరికి వస్తే ఒకే హీరో నాగార్జున, ఒకే సంగీత దర్శకుడు ఇళయరాజా, కొన్ని నెలల తేడాలో రెండు సినిమాలు, గీతాంజలి, శివ. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి వినడం ఆర్‌ఆర్ మీద ఇష్టం ఉన్న ప్రతి ఒక్కరూ ఒకసారి చెయ్యాలి. గీతాంజలిలో ఇద్దరికీ చావు ఖాయం, ఊటీ మంచు, కెమెరామన్ పి.సి. శ్రీరామ్ వెలుతురు. ఆ కథకి ఏడుపుగొట్టు సంగీతం వెయ్యడం చాలా తేలిక. మణిరత్నం, ఇళయరాజా దాన్ని అల్లరిగా, గాలిలో తేలినట్టు ఉంచారు, దుఃఖం అప్పుడప్పుడు మాత్రమే పైకి వస్తుంది. ఓం నమహ పాటలో గుండె చప్పుడే తాళం, అమ్మాయి జబ్బు గుండెదే, ఈ ముడి ఎవరూ వివరించక్కర్లేకుండా చెవికి అందుతుంది. పాటకీ స్కోర్‌కీ మధ్య గోడ ఇక్కడ పడిపోయింది.

శివకి మంచు లేదు, కాలేజీ, సందులు, సైకిళ్ళు. రామ్‌గోపాల్ వర్మ మొదటి సినిమా. అప్పటిదాకా హీరో చెయ్యెత్తితే ట్రంపెట్లు మోగాల్సిందే. శివలో సైకిల్ చైన్ లాగే సీన్ గుర్తు తెచ్చుకోండి, జనానికి ఇన్నేళ్ళుగా గుర్తుండిపోయింది చైన్ చప్పుడు, అంటే ఎఫెక్ట్ ట్రాక్. సంగీతం ఆ చప్పుడుని కప్పెయ్యకుండా దానికి దారి ఇచ్చింది. అన్న కూతుర్ని సైకిల్ ఎక్కించుకుని సందుల్లో తప్పించుకునే సీన్‌లో హీరోయిజం వినపడదు, పాప ఉంది కాబట్టి వినపడేది భయం. రఘువరన్ వేసిన విలన్ భవాని నెమ్మదిగా మాట్లాడతాడు, గొంతు పెంచడు, ఆ నెమ్మది మీద గట్టి మ్యూజిక్ వేస్తే పాత్రే పోతుంది, కాబట్టి స్కోర్ కూడా గొంతు తగ్గించింది. తెలుగు సినిమాలో హింస ఎలా వినపడాలన్నది ఈ సినిమా తర్వాత మారిపోయింది, తొంభైల్లో వచ్చిన ప్రతి గ్యాంగ్ సినిమాలో దీని నీడ ఉంది. అదే మనిషి, అదే ఊరు, ఒకే ఏడాది, ఇంత తేడా. ఎనభైల ఆర్‌ఆర్ ఎదుగుదల మొత్తం ఈ రెండు సినిమాల మధ్య దూరంలో కొలవొచ్చు.

ఇప్పుడొక బాధాకరమైన సంగతి. ఈ స్కోర్లు విడిగా వినడానికి దాదాపు ఎక్కడా లేవు. కంపెనీలు ఎల్‌పీ, క్యాసెట్ వేసింది పాటలకే, ఆర్‌ఆర్ సినిమాతో పాటే హాలుకెళ్ళి అక్కడే ఆగిపోయింది. మ్యాగ్నెటిక్ టేపులు ఖరీదైనవి, తుడిచి మళ్ళీ వాడేవాళ్ళు, మిగిలినవి ఎండకీ తేమకీ పోయాయి, చెన్నై తేమ గురించి వేరే చెప్పాలా. ఫ్యాన్స్ సినిమా నుంచి ముక్కలు కోసి రింగ్‌టోన్లు చేసుకున్నారు, వాటిలో డైలాగులు, అడుగుల చప్పుళ్ళు అన్నీ కలిసే ఉంటాయి.

అయితే ఒక దారి ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పైన చెప్పిన సినిమాల్లో చాలావాటిని తమిళంలోకి డబ్ చేశారు. సాగరసంగమం సలంగై ఒలి అయింది, అన్వేషణ పాడుమ్ పరవైగళ్ అయింది, గీతాంజలి ఇదయత్తై తిరుడాదే, శివ ఉదయం. చెన్నైలో తమిళ ఫ్రెండ్స్‌తో మాట్లాడేటప్పుడు అదే స్కోర్‌ని వాళ్ళు వేరే పేరుతో తమదిగా చెప్పుకోవడం ఇక్కడి తెలుగువాళ్ళందరికీ అనుభవమే, నిజానికి అది ఇద్దరిదీ. డబ్బింగ్‌కి డైలాగ్ లేని ట్రాక్ ఒకటి తప్పకుండా కావాలి, సంగీతం, ఎఫెక్టులు మాత్రమే ఉండేది, ఎం అండ్ ఈ అంటారు. అంటే ప్రతి డబ్బింగ్ సినిమాకీ ఎప్పుడో ఒకప్పుడు మాటల్లేని ఆర్‌ఆర్ ట్రాక్ ఒకటి విడిగా ఉండే ఉంటుంది. ల్యాబులు ఫిల్మ్ పని ఆపేసి పాత డబ్బాలు తీసుకుపొమ్మన్నప్పుడు ఎంతమంది నిర్మాతలు నెగెటివ్‌తో పాటు ఆ సౌండ్ డబ్బాలు కూడా అడిగి తీసుకున్నారన్నదే ప్రశ్న. పాత సినిమాలు 4కేలో శుభ్రం చేసి మళ్ళీ రిలీజ్ చేస్తున్న ఈ రోజుల్లో బొమ్మ కోసం గోడౌన్లు ఎలాగూ వెతుకుతున్నారు, అదే వెతుకులాటలో ఎం అండ్ ఈ డబ్బా మీద కూడా కన్నేస్తే, తెలుగులో పాత డబ్బా దొరక్కపోయినా తమిళ డబ్బింగ్ హక్కులు కొన్నవాళ్ళ దగ్గర అడిగితే, అన్వేషణ అడవిని మాటల అడ్డు లేకుండా మొదటిసారి వినే అవకాశం ఇంకా ఉంది.